నాలుగు వేళ్ళు ముడిచాక

మొన్న వదలకుండా కురిసిన వానకి మా అమ్మాయి ఇంటి ముందు గడ్డిలో పుట్టగొడుగులు లేచాయి. ఒక్కొక్కటీ గొడుగంత ఉంది. సరే, గొడుగంత కాదు, కాఫీ సాసరంత. మా మనవరాలిని అడిగితే చొక్కా బొత్తామంత అంటుంది. ఆ పిల్లకి ఊహాశక్తి తక్కువ. ఎంతైతేనేం, వాటిని చూడగానే నాకు మాస్టారు గుర్తొచ్చి, వీధిలో ఒక్కణ్ణే నిలబడి నవ్వుకున్నాను.

"ఎవరి నేలయినా కానివ్వండి, దానంతటది మొలిచిన పుట్టగొడుగుని కోసుకుపోయి కూర వండుకుంటే మీరు పెద్దమనిషి. అదే పుట్టగొడుగుని అమ్ముకుందామని కోశారా, దొంగ! ఇంగ్లండు దొంగతనాల చట్టంలో ఈ ముక్క రాసినవాడికి పాదాభివందనం చెయ్యాలండీ ముద్దాయిగారూ" అనేవారాయన. 

ముద్దాయిగారు అంటే నేను. నేనే కాదు, అమెరికాలో మేముండే ఈ ఎడిసన్ ఊళ్ళో ఆయన ఎరిగిన మగవాళ్ళందరూ ముద్దాయిగారులే. "పేర్లు మరిచిపోయే వయసండీ. ఎవర్నయినా ముద్దాయీ అంటే ఎక్కడో ఒకచోట తగలకపోదు" అని సమర్థించుకునేవారు.

నా స్నేహితుడు దొంగతనాల విషయంలో ప్రపంచంలోకెల్లా గొప్ప పండితుడు. లండన్ హైకోర్టులో ఆయన లేచి నిలబడితే జడ్జీలు కళ్ళజోళ్ళు సర్దుకునేవారు. ఈ మాట ఆయన సంతాపసభలో నేనే చెప్పాను, జనం చప్పట్లు కూడా కొట్టారు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, ఆయన కోర్టులో ఒక్క కేసూ వాదించలేదు. ఇంగ్లండులో ఏదో చిన్న ఊరి కాలేజీలో దొంగతనం పాఠం చెప్పారు. హత్యల పాఠం ఇంకొకాయన చెప్పేవాడట. "హత్యలకి పిల్లలు ఎగబడతారు. దొంగతనానికి బుద్ధిమంతులు మాత్రమే మిగులుతారు" అనేవారు కాస్త ఉక్రోషంగా.

నా సంగతి కూడా ముందే చెప్పేస్తే మంచిది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సినిమాహాలు మేనేజర్ని. లోపల సగం కుర్చీలు ఖాళీగా ఉన్నా బయట హౌస్‌ఫుల్ బోర్డు పెట్టిన చెయ్యి ఇది. కాబట్టి నేను చెప్పేదాంట్లో సగం కుర్చీలు ఖాళీ అనుకుని చదవండి. ఏ వరసలు ఖాళీయో నేనే చూపిస్తుంటాను. అంతవరకు నిజాయితీ ఉంది.

ఎండ మండిపోతున్నా మాస్టారి చంకలో నల్ల గొడుగు, మెడలో ఉన్ని టై, కాళ్ళకి మాత్రం, రిటైరయ్యాక ఆయన్ని ఇక్కడికి తెచ్చుకున్న మేనకోడలు కొనిచ్చిన తెల్ల బూట్లు. నడుస్తుంటే మడమల దగ్గర ఎర్ర దీపాలు వెలిగేవి. చిన్నపిల్లల బూట్లవి, ఆయన పాదం చిన్నది. ఇది మాత్రం అబద్ధం కాదు, ఎవర్నయినా అడగండి. అలా వెలుగుతూ ఆరుతూ ఆయన పార్కులోకి వస్తుంటే బల్ల చుట్టూ కూర్చున్న మా ముసలివాళ్ళందరం సర్దుకుని చోటిచ్చేవాళ్ళం.

కూర్చోగానే "ఇవాళ ఎవరు ఏం ఎత్తుకొచ్చారు?" అనేవారు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పేవాళ్ళు. వెంటనే ఆయన కుడి అరచెయ్యి తెరిచి బల్ల మీద నిలబెట్టేవారు. ఇక కోర్టు మొదలన్నమాట.

"చిటికెన వేలు. అది అసలు వస్తువేనా? ఉంగరపు వేలు. పరాయివాళ్ళదేనా? నడిమి వేలు. తన సొంతమన్నట్టు దాని మీద చెయ్యి వేశాడా? చూపుడు వేలు. మళ్ళీ ఇవ్వకూడదనే తీసుకున్నాడా? బొటనవేలు. మనసులో కపటం ఉందా?" ఒక్కో ప్రశ్నకీ ఔనంటే ఒక్కో వేలు ముడుచుకునేది. "ఐదూ ముడిస్తే పిడికిలి. పిడికిలి పడితేనే దొంగ. ఏ ఒక్కటి నిలబడినా మనిషి ఇంటికెళ్ళి శుభ్రంగా భోంచెయ్యొచ్చు."

మా బల్ల దగ్గర నిజామాబాదు పెద్దాయన ఒకాయన ఉన్నాడు. కొడుకూ కోడలూ ఆఫీస్‌కి వెళ్ళిపోతే, బియ్యం మూట మొయ్యలేక ఓసారి షాపు వాళ్ళ ట్రాలీని ఇంటిదాకా తోసుకుపోయి, మర్నాడు పొద్దున్నే తిరిగి తోసుకొచ్చి అప్పజెప్పాడు. దాని మీద విచారణ జరిగింది. చిటికెన వేలు ముడుచుకుంది, ఉంగరపుది ముడుచుకుంది, నడిమిది ముడుచుకుంది. చూపుడు వేలు దగ్గర ఆగింది.

"తిరిగిస్తానని తీసుకున్నారా?"

"గంతే కద సార్. ఇంట్ల ట్రాలీ పెట్టుకొని నేనేం జేస్త, మనుమణ్ణి తిప్పుతనా?"

చూపుడు వేలు నిటారుగా నిలబడింది. నిర్దోషి. 

బెండకాయ కొస తుంచి చూడటం మీద కూడా పెద్ద విచారణే జరిగింది. ఓక్ ట్రీ రోడ్డు షాపులో మా ఆవిడ తుంచి చూడకుండా బెండకాయ కొన్న పాపాన పోలేదు. ఆయన అరచెయ్యి తెరిచి, కాసేపు ఆలోచించి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు. "తుంచి అక్కడే వదిలేశారు, తీసుకోలేదు కాబట్టి దొంగతనం కాదు. పాడు చెయ్యడం అనేది వేరే చట్టం. అది నా సబ్జెక్టు కాదు."

"సార్, గిది న్యూజెర్సీ. మీ లండన్ చట్టం గిక్కడ నడుస్తదా?" అనేవాడు నిజామాబాదు ఆయన ప్రతి వారం.

"నడవదండీ. ఇక్కడి చట్టం నాకు తెలీదు. కానీ నా చట్టం మనిషి మనసులోకి తొంగి చూస్తుంది. ఆ మనసు మీతోపాటు విమానం ఎక్కి ఇక్కడికి వచ్చిందా లేదా?" ప్రతి వారం ఇదే జవాబు.

ఆయన కోర్టులో ఎవరికీ శిక్ష పడలేదు. దానికి నేను ఒక కారణం కనిపెట్టాను. మాస్టారి బొటనవేలికి కీళ్ళవాతం అనీ, ఆ వేలు పుట్టి బుద్ధెరిగాక ముడుచుకోలేదనీ, అందుకే మధ్య జెర్సీలో ఉన్న దొంగలందరూ ఆయన దగ్గరే విచారణ కోరుకుంటున్నారనీ ఒక జోకు కట్టాను. అది బాగా ఆడింది. ఎంత బాగా అంటే, జెర్సీ సిటీ నుంచి వచ్చిన ఒక పెళ్ళివారి నోట నాకే వినిపించింది. అంతదూరం పోలేదులెండి. మా వీధి చివర ఒక పుట్టినరోజు పార్టీలో వినిపించింది. చెబుతున్నది నిజామాబాదు ఆయన. తనే కట్టినట్టు చెబుతున్నాడు!

మర్నాడు బల్ల దగ్గర ఫిర్యాదు చేశాను. "నా జోకు దొంగిలించాడు మాస్టారూ."

"నీదని ఏడన్న రాసి పెట్టుకున్నవా అన్నా?" అన్నాడు ముద్దాయి తొణక్కుండా.

మాస్టారు చెయ్యి తెరిచారు. చిటికెన వేలు కూడా ముడుచుకోలేదు. "జోకు వస్తువు కాదండీ. ఆలోచన, రహస్యం, తెలివి, ఇవేవీ వస్తువులు కావు. మీ తలలోంచి తీసుకున్నాక మీ తలలో ఇంకా ఉందిగా? కేసు కొట్టేశాను." తరవాత నా వైపు వంగి మెల్లిగా, "ఇంతకీ ఆ జోకు ఏమిటి?" అని అడిగారు. నేను చెప్పలేదు. ఆయన వేలు మీదే అని ఎలా చెప్పను?

ఆయన మీద కూడా ఒకసారి విచారణ జరిగింది. కాఫీ షాపులో ఒక టీ కొనుక్కుని గుప్పెడు పంచదార పొట్లాలు కోటు జేబులో వేసుకుంటుంటే నేను చూశాను. "చెయ్యి తెరవండి మాస్టారూ" అన్నాను. బుద్ధిగా తెరిచారు. నాలుగు వేళ్ళు తనే ముడిచారు. బొటనవేలు దగ్గరకొచ్చేసరికి దాన్ని చాలాసేపు చూసి, "ఈ కేసులో జడ్జి సెలవు" అని లేచి వెళ్ళి పొట్లాలన్నీ తిరిగి డబ్బాలో పోసొచ్చారు. ఒక్కటి మాత్రం టీలో కలుపుకున్నారు.

ఇలా నవ్వుకుంటూ సాగిపోతున్న రోజుల్లో మా ఇంట్లోనే దొంగ పడింది. దొంగ మా ఆవిడ.

మా వీధి మూలింటి ముందు ఒక పొద ఉంది. వేసవి నడిమికి వచ్చేసరికి ఊదారంగు పువ్వులు విరగబూస్తాయి. అది మన మందారానికి దూరపు చుట్టమని మా ఆవిడ చూడగానే కనిపెట్టింది. "మొహం చూడండి, మొగ్గ చూడండి, మధ్యలో ఆ కేసరం చూడండి. పొద్దున విచ్చి సాయంత్రానికి ముడుచుకుపోయే గుణం కూడా అదే" అని తప్పిపోయిన మేనకోడలు దొరికినట్టు సంబరపడింది. అప్పటిదాకా ప్లాస్టిక్ డబ్బాల్లో కొన్న చామంతులతో సరిపెట్టుకుంటున్న మా దేవుడు, ఆ రోజు నుంచీ మందారాలతో వెలిగిపోయాడు.

పూలు ఎక్కడివని నేను అడగలేదు. భర్తలు అడగరు.

ఒక సాయంత్రం అమ్మాయి ఆఫీస్ నుంచి వస్తూనే ఫోన్ మా ముందు పెట్టింది. మా వీధి ఇళ్ళవాళ్ళందరికీ కలిపి ఒక గ్రూపు ఉంది. అందులో మూలింటాయన తన గుమ్మం కెమెరాలో పడిన వీడియో పెట్టాడు. కింద రాశాడు, ఈవిడ ఎవరో ఎవరికైనా తెలుసా, ఈవిడతో మాట్లాడాలి, అని.

వీడియోలో మా ఆవిడ పట్టుచీరలో, చేతులు దగ్గరికి ముడుచుకుని, పేవ్‌మెంట్ అంచున పిల్లిలా నడుచుకుంటూ వచ్చింది. దూరంగా ఒకమ్మాయి కుక్కతో పరిగెత్తుకుంటూ వస్తుంటే చటుక్కున పొద వెనక్కి దూకింది. ఆ అమ్మాయి దాటిపోయాక తల బయటపెట్టి అటూ ఇటూ చూసింది. ఆ తరవాత గబగబా నాలుగు పూలు కోసి కొంగులో వేసుకుని మాయమైంది.

"అమ్మమ్మా, యూ ఆర్ సో స్నీకీ!" అని మనవరాలు పడీ పడీ నవ్వింది.

నేను కూడా నవ్వి ఊరుకుంటే బాగుండేది. హౌస్‌ఫుల్ బోర్డు చెయ్యి ఊరుకుంటుందా? "ఇంకేముంది, పోలీసులు బయల్దేరి ఉంటారు. వచ్చే వారం నీ సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ హుళక్కి. దేశం విడిచి పొమ్మంటారు. నువ్వెళ్ళు, నేను తరవాత వస్తాలే" అన్నాను.

నా మాటలు మా ఆవిడ ఏనాడూ నమ్మలేదు. నమ్మదన్న ధైర్యంతోనే ఇన్నేళ్ళూ మాట్లాడుతున్నాను. ఆ రోజెందుకో నమ్మింది. మొహం పాలిపోయింది. "నాన్నా, నీ జోకులు కొంచెం ఆపుతావా ప్లీజ్!" అని అమ్మాయి నా మీద విరుచుకుపడింది కానీ అప్పటికే ఆలస్యమైంది.

మర్నాడు పొద్దున దేవుడి దగ్గర పువ్వు లేదు. ఆవిడ ఇంటర్వ్యూ కోసం బట్టీపడుతున్న ప్రశ్నలన్నీ పక్కన పడేసి ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని కూర్చుంది. ఎప్పుడైనా నేరం చేసి పట్టుబడకుండా ఉన్నారా అని అక్కడ అడుగుతారు. "కుడిచెయ్యెత్తి ప్రమాణం చేశాక అడుగుతారు కదా. చేశానని చెప్పేస్తాను" అంది.

అమ్మాయికి గుండె ఆగినంత పనైంది. "అమ్మా, నువ్వు యెస్ అన్నావంటే కేస్ మొత్తం కాంప్లికేట్ అవుతుంది. ఇన్నేళ్ళు వెయిట్ చేశాం!" ఇమిగ్రేషన్ లాయర్‌కి కాల్ చేసింది. ఆ లాయరమ్మ స్పీకర్‌లో నవ్వుతూ, ఇది విషయమే కాదు ఆంటీ, హాయిగా నో అని చెప్పెయ్యండి అంది.

ఫోన్ పెట్టేశాక మా ఆవిడ, "ఏం చెప్పాలో చెప్పింది. నేను చేసిందేమిటో చెప్పలేదు. దొంగనైతే కాదని ఎలా ఒట్టేస్తాను? దొంగ కోసిన పూలు ఇన్నాళ్ళూ దేవుడికి పెట్టానా?" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను ఎంత దౌర్భాగ్యుణ్ణైనా ఆ నీళ్ళ దగ్గర జోకు వెయ్యలేకపోయాను. చెప్పులేసుకుని మాస్టారి కోసం పరిగెత్తాను. పరిగెత్తడమంటే, నా మోకాళ్ళతో ఎంత పరిగెత్తగలనో అంత.

ఆయన గొడుగు, టై, దీపాల బూట్లతో సహా వచ్చి మా వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. ముందు వీడియో చూపించమన్నారు. ఒకసారి చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఆ తరవాత చెయ్యి తెరిచారు. మొదటిసారి ఆ చేతిని చూసి నాకు భయమేసింది.

"చెల్లెమ్మా, ఆ పొద దానంతటది మొలిచిందా? అడవి మొక్కయితే పుట్టగొడుగు లెక్కలోకే వస్తుంది. పూజకి కోశారు, అమ్ముకోలేదు. ఇక్కడే తేలిపోతుంది."

"లేదన్నయ్యగారూ. నాటిన మొక్కే. చుట్టూ చెక్కపొట్టు పోశారు, నీళ్ళ గొట్టం కూడా పెట్టారు" అంది మా ఆవిడ. తన మీద తనే సాక్ష్యం చెబుతోంది.

చిటికెన వేలు ముడుచుకుంది. 

"వాళ్ళదేనని మీకు తెలుసా?"

"వాళ్ళ గుమ్మం ముందుంటే వాళ్ళది కాక ఎవరిదవుతుంది?"

ఉంగరపు వేలు. కోశారు కాబట్టి నడిమి వేలు దానంతటదే ముడుచుకుంది. 

"తిరిగిచ్చే ఉద్దేశం..." అని ఆయన ఆశగా చూశారు.

"దేవుడికి పెట్టిన పువ్వు ఎవరికి తిరిగిస్తామండీ!"

చూపుడు వేలు కూడా ముడుచుకుంది. ఇక బొటనవేలు ఒక్కటే మిగిలింది. అమ్మాయి గోళ్ళు కొరుక్కుంటోంది.

మాస్టారి గొంతు మారింది. ఇంతవరకూ మేం పార్కులో వినని గొంతు. "అంత పెందరాళే ఎందుకు వెళ్ళారు?"

"పూజ పొద్దున్నే కదండీ."

"పొద వెనక ఎందుకు దాక్కున్నారు?"

"కుక్క అన్నయ్యగారూ!"

"కుక్కంటే భయమా?"

"భయమెందుకు? స్నానం చేసి, మడికట్టుకుని వెళ్ళాను. అది వచ్చి తగిలితే మళ్ళీ తలస్నానం చెయ్యొద్దూ?"

"మరి అటూ ఇటూ ఎందుకు చూశారు?"

"ఇంకో కుక్క వస్తోందేమోనని."

మాస్టారి మీసాలు కదిలాయి. కానీ నవ్వలేదు. వీడియో మళ్ళీ నడిపి ఒకచోట ఆపి, ఫోన్ మా వైపు తిప్పారు. మేం ఎవరం గమనించని సంగతి అది. పువ్వు మీద చెయ్యి వేసే ముందు మా ఆవిడ పొద ముందు నిలబడి రెండు చేతులూ జోడించింది.

"ఇదేమిటి?"

"కోసేముందు మొక్కకి దండం పెట్టుకుంటాం కదండీ. కొయ్యమంటావా తల్లీ అని."

"నా ఉద్యోగమంతా దొంగల గురించే చదివాను. తాళం బద్దలుకొట్టే ముందు తాళానికి దండం పెట్టినవాడు ఒక్కడూ తగల్లేదు" అన్నారు మాస్టారు. "ఆఖరి ప్రశ్న. ఆ ఇంటాయనకి తెలిస్తే వద్దంటాడని మీకెప్పుడైనా అనిపించిందా?"

మా ఆవిడ ఆయన్ని వింతగా చూసింది. ఆ ప్రశ్నే అర్థం కానట్టు. "పూలకా? దేవుడికా? వద్దని ఎవరంటారు? ఇండియాలో మా వీధిలో మందారం ఉన్న ఇంటావిడైతే, ఒకరోజు కొయ్యకపోతే ఒంట్లో బాగాలేదా అని కనుక్కోవడానికి వచ్చేది."

మాస్టారు తృప్తిగా వెనక్కి వాలారు. నాలుగు ముడిచిన వేళ్ళ మీద బొటనవేలు నిటారుగా నిలబడి ఉంది. "యజమానికి తెలిస్తే సరే అంటాడని నిజంగా నమ్మినవాడు దొంగ కాడు. ఆ నమ్మకం తెలివైనదే కానక్కర్లేదు, నిజమైనదైతే చాలు. నిర్దోషివమ్మా."

అమ్మాయి ఊపిరి పీల్చుకుంది. మా ఆవిడ మాత్రం ఆ వేలి వైపే అనుమానంగా చూస్తోంది. చివరికి అడిగేసింది. "మీ బొటనవేలు ఎలాగూ ముడుచుకోదటగా అన్నయ్యగారూ? కీళ్ళవాతమని ఊరంతా చెప్పుకుంటున్నారు."

మాస్టారు మెల్లగా నా వైపు తిరిగారు. నా జీవితంలో అంత వేగంగా ఏదీ ఒప్పుకోలేదు. "అబద్ధం! నేనే కట్టాను! అది జోకు!"

"మీరు కట్టిందే అబద్ధమో, ఇప్పుడు చెప్పేదే అబద్ధమో నాకెలా తెలుస్తుంది?" అంది మా ఆవిడ. న్యాయమైన మాటే. నలభై ఏళ్ళ పైచిలుకు హౌస్‌ఫుల్ బోర్డులు ఆ నిమిషాన నా మీద కూలాయి.

మాస్టారు ఏమీ కోప్పడలేదు. చెయ్యి ఆవిడ కళ్ళ ముందుకి జరిపారు. "ఇవాళ్టిదాకా మీకు తెలీదు. ఇప్పుడు ఆయన ఈవిడ ఎవరని అడుగుతున్నాడని తెలిసింది. సరే అంటాడో లేదో మీకు అనుమానం పుట్టింది. పుట్టాక కూడా రేపు పొద్దున అడక్కుండా వెళ్ళి కోశారనుకోండి..." అంటూ బొటనవేలిని వంచారు. ఏ చప్పుడూ, ఏ నొప్పీ లేకుండా అది వచ్చి నాలుగు వేళ్ళ మీద పడుకుంది. బల్ల మీద గట్టి పిడికిలి!

మా ఆవిడ ఆ పిడికిలిని చూసింది. మొహంలోకి రక్తం వచ్చింది. పిడికిలి పడగలదని చూశాకే, తనకి పడలేదన్న సంగతి ఆవిడకి నమ్మకం కుదిరింది. "అయితే రేపు వెళ్ళి అడుగుదాం" అంది.

మర్నాడు మా ఊరేగింపు మూలింటికి బయల్దేరింది. ముందు మాస్టారు, వెనక మా ఆవిడ, ఆ వెనక అమ్మాయి, అందరికంటే వెనక నేను, దాక్కోవడానికి వీలుగా. మూలింటాయన నిక్కరుతో మొక్కలకి నీళ్ళు పడుతున్నాడు. తలుపంత మనిషి. మాస్టారు గొడుగు చంకన పెట్టుకుని తన ఇంగ్లండు ఇంగ్లీషులో పెద్ద ఉపన్యాసం ఎత్తుకున్నారు. ఆయనకి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మా ఆవిడ ఇక ఆగలేక ముందుకొచ్చి, పువ్వుని చూపించి, తనని చూపించుకుని, ఆకాశం చూపించి, చేతులు జోడించింది. 

ఆయన గొట్టం కట్టేశాడు. "దేవుడికా? అమ్మయ్య! తింటున్నారేమో అనుకున్నాను" అన్నాడు తన అమెరికా ఇంగ్లీషులో. పురుగులకి మందు కొట్టాడట. ఈవిడ రోజూ తీసుకెళ్ళి కూరో పచ్చడో చేసుకుంటోందేమో, చెబుదామంటే పొద్దున్నే వచ్చి మాయమవుతోంది, అందుకే గ్రూప్‌లో అడిగాడట. "రోజూ ఆ నాలుగు పూలూ కోసుకోండి. కానీ ఆ పొద వెనక్కి దూకకండి, గొట్టం విరిగిపోతోంది" అని బతిమాలుకున్నాడు.

తిరిగొస్తుంటే మాస్టారి బూట్ల దీపాలు మామూలుకంటే ఎక్కువ వెలిగాయి. ఇది మీరు నమ్మక్కర్లేదు.

ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న అడగ్గానే మా ఆవిడ అరచెయ్యి తెరిచి ఐదు అంశాలూ ఏకరువు పెట్టిందనీ, ఆఫీసరు లేచి సెల్యూట్ కొట్టాడనీ నేను పార్కులో చెప్పాను. నేను లోపలే లేను, బయట కుర్చీలో కునుకుతున్నాను. ఆవిడ చెప్పింది ఇంతే. అడిగాడు, నో అంది. ఆ తరవాత చూసుకుంటే బల్ల మీద తన కుడిచేతి నాలుగు వేళ్ళూ వాటంతటవే ముడుచుకుని, బొటనవేలు నిలబడి ఉందట. అమెరికాలో ఆ గుర్తుకి భేష్ అని అర్థం. ఆఫీసరు కూడా నవ్వి తన బొటనవేలు ఎత్తి చూపించాడట.

పోయిన ఏడు ఆగస్టులో మాస్టారు వెళ్ళిపోయారు. మధ్యాహ్నం కుర్చీలో కునుకు తీస్తూ, టై విప్పకుండానే. ఫ్యునరల్ హోమ్‌కి ఎడిసన్ అంతా కదిలొచ్చింది. రాలేదు. మా బల్ల వాళ్ళం, ఆయన మేనకోడలి ఆఫీస్ వాళ్ళు కొందరు. నిజామాబాదు ఆయన నా భుజం పట్టుకుని, "అన్నా, ఇగ మనకి తీర్పు ఎవరు చెప్తరు?" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇందులో ఖాళీ కుర్చీలు లేవు.

ఆ పొద్దున బయల్దేరే ముందు మా ఆవిడ మూలింటికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. తలుపు కొట్టింది. ఎవరూ పలకలేదు. కిటికీ తెరలు దించి ఉన్నాయి, కారు లేదు. సముద్రం దగ్గరికి వెళ్ళినట్టున్నారు. పొద నిండా పూలు విచ్చుకుని ఉన్నాయి. రోజూ నాలుగు కోసుకోమన్నాడు కానీ, ఇవాళ కావలసింది నాలుగు కాదు. కాసేపు నిలబడింది. తెలిస్తే ఆయన వద్దంటాడా అన్న మాస్టారి ప్రశ్న ఆవిడ లోపల నడుస్తోందని నాకు తెలుసు.

ఆ తరవాత పొదకి దండం పెట్టి, పళ్ళెం నిండా కోసింది. తిరిగి వస్తూ గుమ్మం మీది కెమెరా ముందు ఆగింది. దాక్కోలేదు, అటూ ఇటూ చూడలేదు. తిన్నగా దాని కంట్లోకి చూస్తూ, "మా అన్నయ్యగారికి" అని తెలుగులోనే చెప్పి, కుడిచెయ్యి ఎత్తి ఒక్కో వేలూ ముడిచింది. చిటికెనది, ఉంగరపుది, నడిమిది, చూపుడుది. బొటనవేలు నిలబెట్టి చూపించి, పళ్ళెం తీసుకుని నడిచింది.

రెండు రోజుల తరవాత సాయంత్రం వీధిలో నడుస్తుంటే మూలింటాయన కారు దిగుతూ మమ్మల్ని చూశాడు. వీడియో చూసే ఉంటాడు. తెలుగు రాదు, ఆ వేళ్ళ లెక్కా రాదు. పూలు లేని పొదని ఒకసారి, మా ఆవిడని ఒకసారి చూసి, వీధికి అవతలి నుంచే కుడిచెయ్యి పైకెత్తాడు. నాలుగు వేళ్ళు ముడిచి, బొటనవేలు నిలబెట్టాడు.

పాపం, తను తీర్పు చెప్పానని ఆయనకి తెలీదు.